పేరు అచ్చువేసిన గిఫ్టు కార్డా, దుకాణం కార్డా, కవరులో నగదా: ఏది మేలు?

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడితే చాలు, నాకు ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది. ఈసారి చీపురుపల్లి నుంచి ఒకరు, టెక్కలి నుంచి ఇద్దరు అడిగారు: "ఫొటో, పేరు అచ్చువేసి ఇచ్చే గిఫ్టు కార్డు కొందామనుకుంటున్నాం. ఛార్జీలు ఎక్కువంటున్నారు, నిజమేనా?" గడిచిన రెండేళ్లలో నేను అలాంటి కార్డులు రెండు కొన్నాను, బ్యాంకు కార్డులా గీకే మిషన్ ఉన్న దుకాణాల్లో చెల్లేవి. ఒకటి విజయనగరంలో మా బడి నుంచి పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడికి, రెండోది కాశీబుగ్గలో ఉండే మా పిన్నికి. ఒకటి చక్కగా పనికొచ్చింది. రెండోది కొని తప్పు చేశాను. రెండు కార్డులూ ఒకే కంపెనీవి, రెండింటికీ పడిన ఛార్జీ ఒక్కటే.

ముందు ఆ లెక్క చూడండి. కార్డు జారీకి 100 రూపాయలు, ఫొటో అచ్చుకు 50. ఆ 150 మీద 18 శాతం జీఎస్టీ, అంటే 27. మొత్తం 177. ఛార్జీ కంపెనీని బట్టి మారుతుంది కానీ పద్ధతి ఇదే. కార్డులో ఎంత వేసినా ఛార్జీ మాత్రం మారదు. మేం పద్నాలుగు మంది తలా 500 వేసుకుని మాస్టారి కార్డులో 7,000 పెట్టాం. అక్కడ 177 అంటే రెండున్నర శాతం, పంచుకుంటే తలా పదమూడు రూపాయలు కూడా పడలేదు. పిన్ని కార్డులో నేను వేసింది 1,000. అక్కడ అదే 177 దాదాపు పద్దెనిమిది శాతం. 500 కార్డు కొంటే ముప్పై అయిదు శాతం దాటుతుంది. పెళ్లికి 516 చదివించాలనుకున్నవాళ్లు దానిలో మూడో వంతు కార్డు కంపెనీకి చదివిస్తున్నారన్నమాట. పెద్ద మొత్తాలకు ఇంకో మెలిక ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక గిఫ్టు కార్డులో 10,000కు మించి వేయకూడదు, ఒకసారి వేశాక మళ్లీ నింపడానికీ వీల్లేదు. 20,000 ఇవ్వాలంటే రెండు కార్డులు, రెండు ఛార్జీలు.

జీఎస్టీ గురించి చాలామందికి అనుమానం ఉంది. పన్ను ఛార్జీ మీదే తప్ప, కార్డులో వేసిన డబ్బు మీద కాదు. గిఫ్టు కార్డుల్లాంటి వోచర్ల లావాదేవీల మీద జీఎస్టీ ఉండదని 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన 55వ జీఎస్టీ మండలి సమావేశం తేల్చింది. మీ బిల్లులో 1,000 మీద కూడా పన్ను వేసి ఉంటే డబ్బు కట్టకముందే అడగండి.

ఛార్జీ అయితే బిల్లు మీద కనిపిస్తుంది. కనిపించని నష్టం ఏమిటో నాకు పిన్ని కార్డు చూపించింది. దాని మీద ఆమె మనవడి ఫొటో వేయించాను. ఉయ్యాలలో కూర్చుని బోసినోటితో నవ్వుతున్న ఫొటో, కింద "అమ్మమ్మకు" అని తెలుగులో అక్షరాలు. కొరియరులో అందిన రోజు ఆమె నాకు మూడుసార్లు ఫోను చేసింది. ఆ తరువాత పద్నాలుగు నెలలకు కాశీబుగ్గ వెళ్తే, కార్డు దేవుడి అలమరలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన నిలబెట్టి ఉంది. అంచున పసుపూ కుంకుమ బొట్టు.

"ఇంకా వాడలేదా పిన్నీ?" అన్నాను.

"ఆ మిషన్లో గీకితే పిల్లవాడి ముఖం అరిగిపోదా నాన్నా?"

కార్డు గడువు ఏడాది. అప్పటికి రెండు నెలలు దాటిపోయింది. గడువుకు ముందు నలభై అయిదు రోజుల వ్యవధిలో హెచ్చరిక సందేశం పంపడం కంపెనీ బాధ్యత. పంపింది కూడా. అయితే కొన్నప్పుడు నేను నా నంబరు ఇచ్చాను కాబట్టి అది నా ఫోనుకు వచ్చి, ప్రకటనల సందేశాల్లో కలిసిపోయింది. మీరు కొనేటప్పుడు అవకాశం ఉన్నచోట అందుకునేవారి నంబరే ఇవ్వండి.

గడువు దాటిన కార్డులో డబ్బు పోయినట్టే అని చాలామంది వదిలేస్తారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ కంపెనీకి ఫోను చేస్తే వాళ్లూ "గడువు అయిపోయింది, ఇక ఏమీ చేయలేం" అన్నారు. ఆ మాట తప్పు. ప్రీపెయిడ్ చెల్లింపు సాధనాలపై, అంటే ఇలా ముందే డబ్బు వేసి వాడే కార్డుల వంటివాటిపై, రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన మాస్టర్ ఆదేశాల ప్రకారం కార్డు గడువు కనీసం ఏడాది ఉండాలి. గడువు దాటాక కూడా మిగిలిన సొమ్మును కనీసం మూడేళ్లపాటు కంపెనీ తన లాభంలో కలుపుకోకూడదు. గడువు దాటాక ఎప్పుడు అడిగినా కార్డుదారు బ్యాంకు ఖాతాలో వేయాలి. గిఫ్టు కార్డును అడిగితే పునరుద్ధరించవచ్చు కూడా. ఈ నిబంధనను ప్రస్తావిస్తూ మెయిల్ రాసి, కార్డు ఫొటో, పిన్ని పాసుపుస్తకం మొదటి పేజీ జతచేశాను. మూడు వారాల్లో 1,000 ఆమె ఖాతాలో పడింది. కంపెనీ ముప్పై రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే అధికారికి) రుసుమేమీ లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోను చేయండి.

కాబట్టి నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే. ఈ కార్డును అందుకున్నవారు దాన్ని ఎక్కడ ఖర్చుపెడతారు? కొన్నచోట పడిన 177 రూపాయల గురించి అందరూ అడుగుతున్నారు. ఖర్చు కాకుండా ఉండిపోయే మిగతా మొత్తం గురించి ఎవరూ అడగడం లేదు.

కాశీబుగ్గలో పిన్ని రోజూ వెళ్లే కిరాణా కొట్టులో, కూరగాయల బండి దగ్గర, పాలకేంద్రంలో క్యూఆర్ అట్టలు వేలాడుతున్నాయి కానీ కార్డు గీకే మిషన్ లేదు. గిఫ్టు కార్డుతో క్యూఆర్ స్కాన్ చేసి చెల్లించలేం. ఏటీఎంలో నగదూ తీయలేం, ఖాతాలోకి పంపుకోవడమూ కుదరదు. అంటే ఆమె కార్డు వాడాలంటే మిషన్ ఉన్న పెద్ద బట్టల దుకాణానికో, మందుల దుకాణానికో వెళ్లాలి, లేదా శ్రీకాకుళం బస్సెక్కాలి. ఆ బస్సు ఛార్జీని కూడా కార్డు ఖరీదులో కలపాలని నేను అంటాను.

మాస్టారి సంగతి వేరు. ఆయన విజయనగరంలోనే ఉంటారు, కార్డు వాడకం తెలుసు. నెల తిరగకముందే గంటస్తంభం వైపు వెళ్లి వాలుకుర్చీ కొనుక్కున్నారు. బిల్లు 8,200. కార్డు గీకితే మొదట తిరస్కరించింది. బిల్లు మొత్తం కార్డులో ఉన్నదానికంటే ఎక్కువైతే మిషన్ ఉన్నంత వరకే తీసుకుని ఊరుకోదు, లావాదేవీనే కొట్టేస్తుంది. కౌంటరులో కుర్రవాడికీ ఈ సంగతి తెలియదు. మాస్టారే "బాబూ, కార్డు మీద సరిగ్గా 7,000 కొట్టు, మిగతా 1,200 నగదు ఇస్తాను" అని చెబితే పని అయింది. మీరు కార్డు ఇచ్చేటప్పుడు ఈ ఒక్క మాట చీటీ మీద రాసి జతచేయండి. మిగులు విషయంలోనూ ఇదే కిటుకు. 1,000 కార్డులో 963కి కొంటే మిగిలిన 37 రూపాయలు తరచూ వాడకుండానే ఉండిపోతాయి. బిల్లు కార్డు కన్నా కొంచెం ఎక్కువ అయ్యేలా కొని, తేడా చేతి నుంచి ఇవ్వడమే మంచిది.

కార్డును నగదులా జాగ్రత్తగా దాచుకోమని కూడా చెప్పండి. గిఫ్టు కార్డులకు ఓటీపీ లాంటి రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరి కాదు. కొన్ని కంపెనీలు పిన్ను అడుగుతాయి, కొన్ని అడగవు. నంబరు కనిపించేలా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు మన పెళ్లిళ్లలో బాగా ఉంది, అది వద్దు.

ఇక ఆన్‌లైన్ దుకాణాల ఈ-గిఫ్టు కార్డులు, బట్టలు, నగల దుకాణాల సొంత కార్డులు. వీటివైపే నా మొగ్గు అని ముందే చెప్పేస్తాను. చాలావాటికి జారీ ఛార్జీ ఉండదు. 1,116 వేస్తే 1,116 అందుతాయి. ఫొటో, నాలుగు మాటలు జతచేసే సౌకర్యం ఆన్‌లైన్ కార్డుల్లో చాలావాటికి ఉంది. అది తెర మీది బొమ్మే అయినా, కుర్రవాళ్లకు లోటు అనిపించదు. మిగిలిన 37 రూపాయలు ఆ దుకాణం ఖాతాలోనే ఉండి తరువాతి కొనుగోలులో కలిసిపోతాయి. మా మేనకోడలు రాజాంలో ఇంజినీరింగు చదువుతోంది. పుట్టినరోజుకు పంపిన కార్డును ఆ సాయంత్రమే పుస్తకాలకు వాడేసింది.

అయితే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఒక దుకాణం తన దగ్గర మాత్రమే చెల్లేలా తానే ఇచ్చే కార్డు రిజర్వు బ్యాంకు నిబంధనల కిందికి రాదు. గడువు ఆరు నెలలని రాసుకున్నా, మిగులు తిరిగి ఇవ్వబోమన్నా అది వాళ్ల షరతు. నేను పైన చెప్పిన మూడేళ్ల రక్షణ అక్కడ వర్తించదు. గొడవ వస్తే వెళ్లాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. అందుకే ఊళ్లో కొత్తగా తెరిచిన దుకాణం కార్డు ఎంత తగ్గింపుకు వచ్చినా నేను కొనను. అందుకునేవారు ఇప్పటికే కొంటున్న దుకాణం అయితేనే కొంటాను. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఏటా దసరా బట్టలు కొనుక్కునే కుటుంబానికి ఆ దుకాణం కార్డు ఇస్తే, వాళ్లు దాని కోసం వేరే దారి పట్టాల్సిన పని ఉండదు.

అమెరికాలో ఉన్న పిల్లలు కూడా అడుగుతున్నారు. అక్కడ 2009 నాటి చట్టం ప్రకారం గిఫ్టు కార్డులోని సొమ్ముకు కనీసం అయిదేళ్ల గడువు ఉంటుంది, ఏడాది పాటు వాడకపోతే తప్ప, వాడనందుకు రుసుము వేయకూడదు. ఆ విషయంలో వాళ్ల నిబంధన మెరుగే. కానీ అక్కడ కొన్న కార్డులు ఎక్కువగా ఆ దేశంలోనే చెల్లుతాయి. ఇక్కడి అమ్మానాన్నల కోసమైతే ఇక్కడి దుకాణం కార్డే ఆన్‌లైన్లో కొని పంపండి.

ఫోను నుంచి నేరుగా డబ్బు పంపడం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఖర్చు లేదు, క్షణంలో పని అయిపోతుంది, కాకపోతే బహుమతి అందుకున్నట్టు ఉండదు. ఇంకొకటి, అధికారి పేరుతోనో చుట్టాల పేరుతోనో ఎవరైనా "గిఫ్టు కార్డులు కొని కోడ్ నంబర్లు పంపు" అంటే అది మోసమే. పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబరు మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

కవరులో నగదును పాతకాలపు పద్ధతి అని కొట్టిపారేయకండి. 116, 516, 1,116 ఏదైనా ఛార్జీ లేదు, గడువు లేదు, కాశీబుగ్గలో కూరగాయల బండి దగ్గరా చెల్లుతుంది, చదివింపుల పుస్తకంలోకీ తిన్నగా ఎక్కుతుంది. నా పద్ధతి ఇప్పుడు ఇలా స్థిరపడింది. కుర్రవాళ్లకు వాళ్లు కొనే దుకాణం ఈ-కార్డు. అయిదు వేలు దాటిన ఉమ్మడి కానుక అయితే, అదీ పట్నంలో ఉండి కార్డు వాడకం తెలిసినవారికైతే, పేరు అచ్చువేసిన బ్యాంకు తరహా కార్డు. పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఉండే పెద్దవాళ్లకు నగదు.

ఈ సంక్రాంతికి పిన్ని మనవడి కొత్త ఫొటోను స్టూడియోలో ఇరవై రూపాయలకు అచ్చు వేయించాను. వెనకాల "అమ్మమ్మకు" అని చేత్తో రాసి, కవరులో 1,116తో కలిపి ఇచ్చాను. డబ్బు తీసి కొంగున ముడివేసుకుంది. ఫొటో దేవుడి అలమరలోకి వెళ్లింది, పాత కార్డు పక్కన.