మైల్డ్ కోవిడ్‌కి ఛాతీ సీటీ స్కాన్: మెషీన్ బాగుంది, నాకెందుకు తీశారో మాత్రం అర్థం కాలేదు

జ్వరం, గొంతు నొప్పి, కాస్త పొడి దగ్గు, ఇంతే నాకున్నవి. ఆయాసం లేదు, ఆక్సీమీటర్‌లో 97 కంటే తక్కువ ఎప్పుడూ చూడలేదు. అయినా ఇంట్లో అందరూ "ఎందుకైనా మంచిది, ఒకసారి ఛాతీ స్కాన్ తీయించుకో" అని పోరు పెడితే వెళ్లాను. సెంటర్ పేరు రాయట్లేదు, నా గొడవ ఆ ఒక్క సెంటర్‌తో కాదు కాబట్టి.

ముందు బాగున్నది చెప్తా. పని చాలా త్వరగా అయిపోతుంది. టేబుల్ మీద పడుకుని చేతులు తల మీదికి పెట్టాలి, "గాలి పీల్చి ఆపండి" అనగానే కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టాలి, అంతే. మామూలుగా దీనికి కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) కూడా అక్కర్లేదు. దగ్గు వచ్చేలా ఉంటే ముందే దగ్గేయండి, మధ్యలో కదిలితే బొమ్మ చెదిరిపోతుంది అని టెక్నీషియన్ ఓపిగ్గా చెప్పాడు. ఇక చూపించే వివరం విషయానికొస్తే ఎక్స్‌రేకీ దీనికీ పోలికే లేదు. మైల్డ్‌గా ఉన్నప్పుడు ఎక్స్‌రే చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది, సీటీలో మాత్రం చిన్న చిన్న మచ్చలు కూడా దొరికిపోతాయి.

వెయిటింగ్ హాల్ మాత్రం ఘోరం. పాజిటివ్ వచ్చినవాళ్లనీ, కాలు విరిగి వచ్చినవాళ్లనీ ఒకే గదిలో, కిటికీలు మూసేసి ఏసీ వేసి కూర్చోబెట్టారు. ఇంట్లో గదిలో ఒక్కడినే ఉండమన్న మనిషిని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టడం ఏం లాజిక్కో!

ఇప్పుడు అసలు సంగతి, రిపోర్ట్. "రెండు ఊపిరితిత్తుల కింది భాగాల్లో, అంచుల దగ్గర గ్రౌండ్ గ్లాస్ ఒపాసిటీస్, సివియారిటీ స్కోర్ 4/25, కో-రాడ్స్ 6." గ్రౌండ్ గ్లాస్ అంటే ఏమీ లేదు, ఆవిరి పట్టిన అద్దంలా ఆ చోట కొంచెం మసకగా కనిపించడం, వెనకాల ఉన్న రక్తనాళాలు తెలుస్తూనే ఉంటాయి. స్కోర్ కూడా తేలిక లెక్కే: ఊపిరితిత్తుల్లో కుడివైపు మూడు లోబులు (భాగాలు), ఎడమవైపు రెండు, ఒక్కోదాంట్లో ఎంత మేర మచ్చలున్నాయో చూసి 0 నుంచి 5 వరకు, మొత్తం 25కి మార్కులు వేస్తారు, చాలాచోట్ల కంటి అంచనాతోనే. ఇక కో-రాడ్స్ 6 చూసి మా అక్క ఏడుపు ఒక్కటే తక్కువ, ఐదు కూడా దాటిపోయిందని. నెదర్లాండ్స్ రేడియాలజిస్టులు 2020లో తెచ్చిన ఆ అంకె జబ్బు ఎంత ముదిరిందో చెప్పదు, స్కాన్ చూస్తే కోవిడ్ అని ఎంత అనుమానం వస్తోందో చెబుతుంది. 6 అంటే ఆర్‌టీపీసీఆర్‌లో ముందే పాజిటివ్ తేలింది అని, అంతే. ఈ ఒక్క ముక్క రిపోర్ట్ అడుగున రాస్తే ఎన్ని ఇళ్లలో టెన్షన్ తగ్గుతుందో.

పైగా ఇలాంటి మచ్చలు ఏ ఇబ్బందీ లేనివాళ్లకీ ఉంటాయి. 2020 ఫిబ్రవరిలో డైమండ్ ప్రిన్సెస్ ఓడలో వైరస్ సోకినవాళ్లలో 104 మంది సీటీలు చూస్తే, లక్షణాలే లేని 76 మందిలో సగానికి పైగా, అంటే 54 శాతం మందికి, ఊపిరితిత్తుల్లో మచ్చలు కనిపించాయి. ఇంకోవైపు లక్షణాలు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే తీస్తే దాదాపు సగం మందికి స్కాన్ క్లీన్‌గా వస్తుంది, ఆ తర్వాత ముదరొచ్చు కూడా. మచ్చలుంటే భయపడాలని లేదు, లేకపోతే నిశ్చింతగా ఉండాలనీ లేదు, మరి దీంతో నేనేం చేసుకోవాలి?

నాకు భయం వేసేది ఆ అంకె చూసి ఏం మందులు మొదలుపెడతారోనని. 4/25 అని చూడగానే తెలిసినాయన ఒకాయన స్టెరాయిడ్ పేరు చెప్పేశాడు. బ్రిటన్‌లో 2020లో జరిగిన 'రికవరీ' అనే మందుల ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడింది ఆక్సిజన్ గానీ వెంటిలేటర్ గానీ పెట్టాల్సి వచ్చినవాళ్లని. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి లాభం కనపడలేదు, కీడు కూడా ఉండొచ్చనిపించింది. అంటే మందు సంగతి తేల్చింది ఆక్సిజన్ అవసరమే. వేలికి తగిలించుకునే క్లిప్పు నాకు రోజూ చెప్పింది అదే కదా.

రేడియేషన్ గురించి అటూ ఇటూ పుకార్లున్నాయి. ఒక సీటీ వందల ఎక్స్‌రేలతో సమానమని కొందరంటారు, అది అతిశయోక్తి. ఛాతీ ఎక్స్‌రే సుమారు 0.1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ డోస్ కొలత) అయితే మామూలు ఛాతీ సీటీ 6, 7 దాకా ఉంటుంది, లో-డోస్ పద్ధతిలో తీస్తే 1.5 దరిదాపుల్లోనే. భయపడేంత కాదు, ఊరికే తీయించుకునేంత తక్కువా కాదు. తప్పనిసరైతే లో-డోస్ అని అడగండి, నన్నయితే ఎవరూ అడగలేదు, చెప్పలేదు.

ఊపిరితిత్తుల నిపుణుల ఫ్లైష్నర్ సొసైటీ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది, మైల్డ్ లక్షణాలున్నవాళ్లకి రొటీన్‌గా ఛాతీ ఇమేజింగ్ అక్కర్లేదని. ముదిరే రిస్క్ ఉన్నవాళ్ల సంగతి వేరే. పెద్ద వయసు, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, నాలుగడుగులు వేస్తే ఆక్సిజన్ పడిపోతున్నవాళ్లు, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టి ఆయాసం మొదలైనవాళ్లు డాక్టర్‌ని అడిగి తీయించుకోవాల్సిందే, వాళ్లకి ఇదే స్కాన్ చాలా పనికొస్తుంది.

మెషీన్‌కి, టెక్నీషియన్‌కి ఐదుకి ఐదు. రిపోర్ట్‌కి మూడు. నాలాంటి పేషెంట్‌కి ఈ సర్వీస్ అవసరమా అంటే ఒకటి, అదీ మొహమాటానికి.

వచ్చేటప్పుడు కౌంటర్‌లో "పది రోజులాగి మళ్లీ రండి, మచ్చలు పోయాయో లేదో చూద్దాం" అన్నారు. మనిషి కోలుకున్నాక కూడా మచ్చలు వారాల తరబడి ఉండొచ్చు, పది రోజులకి తీస్తే మళ్లీ అవే కనబడి మళ్లీ అదే ఏడుపు. బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ అయితే న్యుమోనియా వచ్చి ఐసీయూ దాకా వెళ్లకుండా తగ్గినవాళ్లకే సుమారు 12 వారాలాగి చూడమంది, అదీ ముందు మామూలు ఎక్స్‌రేతో. నేను వెళ్లలేదు.