ఆడ రేటు, మగ రేటు లేని కటింగ్ షాపు – నయీంనగర్, హనుమకొండ

గోడ మీది రేట్ల బోర్డుతోనే మొదలుపెడతాను. చెవుల దాకా ఉండే జుట్టుకు కటింగ్ 120 రూపాయలు, భుజాల దాకా అయితే 200, అంతకన్నా పొడవైతే 300. గడ్డం 60. కనుబొమ్మల త్రెడింగ్ 40. పిల్లలకు 80. అంతే. జెంట్స్ అని ఒక వరుస, లేడీస్ అని ఇంకో వరుస లేవు. జుట్టు ఎంత ఉందో, పని ఎంత పడుతుందో దాన్ని బట్టి డబ్బులు. కుర్చీలో కూర్చున్నది ఎవరన్నది ఆ బోర్డు మీద ఎక్కడా లేదు.

నయీంనగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో ఉంటుంది. పేరు వెతక్కండి, బోర్డు మీద 'హెయిర్ కటింగ్ సెలూన్' అనే ఉంది. రెండు కుర్చీలు. ఒక కుర్చీ దగ్గర భర్త, రెండో కుర్చీ దగ్గర భార్య. వచ్చేవాళ్లంతా ఆమెను అక్కా అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఈ రివ్యూ ముఖ్యంగా అక్క పని గురించే.

నేను వ్యవసాయ విస్తరణ అధికారిని. రోజంతా స్కూటీ మీద ఊళ్లు, చేన్లు తిరగాలి. హెల్మెట్ కింద జడ, ఎండ, మెడ వెనక చెమటకాయలు. పొట్టి జుట్టుకు ఈ కారణం చెప్తే అందరూ సరేనంటారు. కానీ చెమటకాయలు లేకపోయినా నేను పొట్టిగానే కత్తిరించుకునేదాన్ని. నాకు అలా ఇష్టం. అద్దంలో చూసుకుంటే అప్పుడే నాకు నేను నాలా కనిపిస్తాను. రెండు జడలు, రిబ్బన్లు తప్పనిసరి అయిన బడిలో చదువుకున్నప్పుడు కూడా నా మనసులో ఇదే ఉండేది.

ఈ షాపు దొరక్కముందు తిరిగిన చోట్ల గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇది ఎందుకు బాగుందో అర్థం కాదు. ఒక బ్యూటీ పార్లర్‌లో ఫోన్‌లో ఫొటో చూపించగానే "మీ సార్‌కి చెప్పారా మేడం?" అని అడిగారు. ఇంకోచోట బాబ్ కట్ వరకే చేస్తామన్నారు, అంతకంటే పొట్టిగా చేస్తే తర్వాత ఇంట్లోవాళ్లు వచ్చి గొడవ పెట్టుకుంటారట. మగవాళ్ల సెలూన్‌లో గుమ్మం దాటకముందే "లేడీస్‌కి చేయమండీ" అనేశారు. చివరికి ఒక యూనిసెక్స్ సెలూన్‌లో ఒప్పుకున్నారు. బిల్లు 600. పక్క కుర్చీలో నాకన్నా ఎక్కువ జుట్టున్న కుర్రాడికి, అదే మిషను, అదే దువ్వెన, 250. ఎందుకని అడిగితే "మీది లేడీస్ కట్ కదా మేడం" అన్నారు. అది లేడీస్ కట్ ఎలా అయిందో వాళ్లూ చెప్పలేకపోయారు.

మీ సార్‌కి చెప్పారా అనే ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆ అమ్మాయి మంచిగానే అడిగింది, నా కాపురం గురించి టెన్షన్ పడింది. కానీ ఆ ప్రశ్న వయసు చాలా ఎక్కువ. భర్త పోతే భార్యకు గుండు కొట్టించిన ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అప్పుడు ఆ పెళ్లికి వెళ్లినవాళ్లను వెలివేస్తామన్నారు. ఆడమనిషి తల మీద జుట్టు ఉండాలా తీసేయాలా అన్నది భర్త ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి తేల్చిన కాలం అది. ఆ ఆచారం పోయింది. జడ మాత్రం ఇంకా మొగుడి లెక్కలోనే ఉంది. లేకపోతే నా తలకాయకు ఆయన అనుమతి ఎందుకు? (మా ఆయన గుండు కొట్టించుకున్నప్పుడు ఏ సెలూన్‌లోనూ మీ మేడంకి చెప్పారా అని అడగలేదు. నేను కనుక్కున్నాను.)

ఇక పనితనం. అక్క దువ్వెన పట్టుకోగానే ముందు చేసేది నడినెత్తిన సుడి ఎక్కడుందో చూడటం. నాకు రెండు సుడులున్నాయి. పొడవు జుట్టులో అవి తెలియవు కానీ పొట్టిగా కత్తిరిస్తే అక్కడ వెంట్రుకలు నిక్కబొడుచుకుని నిలబడతాయి. యూనిసెక్స్ సెలూన్‌లో అదే జరిగింది, రెండు వారాలు నీళ్లతో అణిచిపెట్టుకుని తిరిగాను. అక్క మాత్రం సుడుల దగ్గర కొంచెం పొడవు వదిలి, చుట్టూ దువ్వెన మీద కత్తెరతో తగ్గించుకుంటూ వస్తుంది. మిషను పక్కలకు, మెడకు మాత్రమే వాడుతుంది. మూడో నంబరుతో మొదలుపెట్టి, అద్దం వెనక పట్టి చూపించి, ఇంకా తగ్గించాలా అని అడుగుతుంది. మెడ దగ్గర గుండ్రంగానా, చదరంగానా అని అడుగుతుంది. చెవుల పక్కన కోణంగా తీయాలా, అలాగే వదిలేయాలా అని అడుగుతుంది. పార్లర్లలో ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. ఆడవాళ్ల మెడ దగ్గర మెత్తగా, ఈకల్లా వదిలేయాలని వాళ్లే నిర్ణయించేసుకుంటారు. నాకు చదరంగా కావాలి. అక్క చదరంగానే తీసింది, గీత పెట్టి తీసినట్టు.

బ్లేడు మన కళ్ల ముందే కాగితం విప్పి సగానికి విరిచి వేస్తుంది. అయ్యాక మెడకు పటిక రుద్దుతుంది. మెడ చుట్టూ ముందే కాగితం పట్టీ చుడుతుంది కాబట్టి వెంట్రుకలు జాకెట్లోకి పోవు. స్కూటీ మీద నేరుగా డ్యూటీకి వెళ్లేదాన్ని, నాకు ఇది పెద్ద విషయం.

అక్క ఏం అడుగుతుందో చెప్పాను. ఏం అడగదో కూడా చెప్పాలి. ఎందుకు అని అడగదు.

ఊళ్లలో అందరూ అడుగుతారు. కొత్తగా కత్తిరించుకుని వెళ్లిన ప్రతిసారీ రైతు వేదిక దగ్గర ఎవరో ఒక పెద్దమ్మ "తిరుపతి పోయొచ్చినవా బిడ్డా?" అంటుంది. కాదంటే మొహం మారిపోతుంది. "పానం మంచిగ లేదా?" అంటుంది. అదీ కాదంటే ఇంకేం అడగాలో తెలియక నన్ను చూసి జాలి పడుతుంది. మన దగ్గర ఆడమనిషి జుట్టు తీయించుకోవడంలో అసలు తప్పే లేదు. తిరుమల కళ్యాణకట్టలో ఆడవాళ్లు, మగవాళ్లు తలనీలాలు ఇస్తారు, ఆడవాళ్లకు గుండు చేయడానికి మహిళా క్షురకులు కూడా ఉన్నారు. నీలాదేవి తన జుట్టు స్వామికి ఇచ్చిందనే కథతోనే నీలాద్రి కొండకు ఆ పేరు. మాకు దగ్గర్లో వేములవాడలో, మేడారంలో పుట్టువెంట్రుకల నుంచి పెద్దవాళ్ల మొక్కుల దాకా చూస్తూనే ఉంటాం. మగవాళ్ల సంగతీ అంతే. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు గడ్డం, జుట్టు పెంచినా ఆఫీసులో ఎవరూ ఏమీ అనరు, పైగా స్వామీ అని పిలుస్తారు. దేవుడి కోసం అయితే ఆడమనిషి గుండూ సరే, మగవాడి జుట్టూ సరే. నాకు ఇష్టం అన్న మాట దగ్గరే అందరికీ ఇబ్బంది.

మా అబ్బాయికి ఇది నాకన్నా ముందే అర్థమైంది. ఇంటర్ చదివిన హాస్టల్‌లో నెలనెలా వరుసలో నిలబెట్టి మిషను వేయించేవాళ్లు. బయటికి వచ్చాక జుట్టు పెంచడం మొదలుపెట్టాడు, ఇప్పుడు భుజాలు దాటింది. పెళ్లిళ్లకు వెళ్తే మా వైపు పెద్దలు "ఆడపిల్ల లెక్క గిదేందిరా" అంటారు. కొన్నాళ్లకు వాడు "మొక్కు ఉంది బాబాయ్" అనడం మొదలుపెట్టాడు. అంతే, అన్నవాళ్లే నెత్తిన చెయ్యి పెట్టి దీవిస్తున్నారు. నాకు బాధేసింది. పంతొమ్మిదేళ్ల పిల్లాడు తన జుట్టు తను పెంచుకోవడానికి దేవుడి మీద అబద్ధం ఆడాల్సి వస్తోంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ బయటికి వేసి సవాలు విసురుతుంది. ఆ సత్యభామగా దేశమంతా పేరు తెచ్చుకున్నది వేదాంతం సత్యనారాయణశర్మగారు, 1970లో పద్మశ్రీ ఇచ్చారు. వేదిక మీద మగవాడికి వీపంతా పూలజడ ఉంటే చప్పట్లు కొట్టిన జనమే, పెళ్లి పందిట్లో పిల్లాడి పిలక చూసి నవ్వుతారు.

వాణ్ణి అక్క దగ్గరికి తీసుకెళ్లాను. చివర్లు చిట్లాయి, అర అంగుళం తీస్తే చాలు అంది. అర అంగుళమే తీసింది. మామూలు సెలూన్లలో అర అంగుళం అని కూర్చుంటే అరచేతి పొడవు పోతుందని వాడి అనుభవం. తలస్నానం అయ్యాక జుట్టును టవల్‌తో రుద్దొద్దని, పెద్ద పళ్ల దువ్వెన వాడమని చెప్పింది. ఆ కాసేపట్లో ఆడపిల్ల అన్న మాట రాలేదు, మొక్కా అని అడగలేదు. వాడు ఇప్పుడు ఒక్కడే వెళ్తున్నాడు.

అక్కది మంగలి పని చేసే కుటుంబమే. వాళ్ల నాన్న దగ్గర, ఊళ్లో, చిన్నప్పుడే కత్తెర పట్టిందట. పెళ్లయ్యాక చాలాకాలం ఇంట్లోనే ఉంది. ఆడది మగవాళ్ల తల ముట్టుకోవడమేంటని అత్తింట్లో ఒప్పుకోలేదు. కొవిడ్ తర్వాత ఇల్లు గడవడం కష్టమై రెండో కుర్చీ వేశారు. మొదట్లో ముసలాయనలు ఆమె కుర్చీ ఖాళీగా ఉన్నా భర్త కోసమే గంటసేపు కూర్చునేవారట. ఇప్పుడు నేను చూస్తుండగానే ఒక పెద్దాయన "నువ్వే గీకు బిడ్డా, ఆయన చెయ్యి బరువు" అని ఆమె దగ్గరే గడ్డం చేయించుకున్నాడు. ఆమె కత్తి నడిపే తీరు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఇంకొక సంగతి. ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ అక్కడికి త్రెడింగ్‌కి, జుట్టు చివర్లు కత్తిరించుకోవడానికి వస్తుంది. ఆమె లోపలికి రాగానే బెంచీ మీద ఉన్న ఒకాయన లేచి వెళ్లిపోవడం చూశాను. అక్క ఆయన్ను ఆపలేదు. "కూర్చో చెల్లె" అని కుర్చీ దులిపింది. బోర్డు మీద ఉన్న రేటే తీసుకుంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో వచ్చిన చట్టం ఒకటి ఇదే గడ్డ మీద ఉండేది. ఆమెలాంటివాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనిపిస్తే చాలు, వారంటు లేకుండా పోలీసులు పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. సుప్రీంకోర్టు అయితే 2014 ఏప్రిల్‌లోనే, తన జెండర్‌ను బట్టల్లో, మాటలో, నడవడికలో చూపించుకోవడం రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో భాగమని చెప్పింది. తీర్పులు రావాలి. కానీ ఆమెకు ఆ రోజు కావాల్సింది కూర్చోడానికి ఒక కుర్చీ. అది హనుమకొండలో ఎన్ని షాపుల్లో దొరుకుతుంది?

లోపాలు లేవని కాదు. లోపల తల కడిగే ఏర్పాటు లేదు, స్ప్రే నీళ్లతోనే పని. ఏసీ లేదు, మే నెలలో మధ్యాహ్నం కూర్చోవడం కష్టం. తెర కట్టారు కానీ పలచగా ఉంటుంది, పూర్తిగా మూయరు. బుర్ఖా వేసుకునే మా కొలీగ్ ఒకామె వచ్చి ఆ తెర చూసి వెనక్కి వెళ్లిపోయింది. ఈ విషయం అక్కకు చెప్పాను, మందపాటి గుడ్డ వేస్తానంది, ఇది రాసేనాటికి వేయలేదు. దయచేసి వేయాలి, ఎందుకంటే అన్నిచోట్లా కాదనిపించుకున్న ఆడవాళ్లే ఇక్కడికి వస్తారు. గోడల మీద పోస్టర్లన్నీ సినిమా హీరోలవి, పొట్టి జుట్టున్న ఆడమనిషి ఫొటో ఒక్కటి లేదు. అక్క భర్త దగ్గర కటింగ్‌కి కూర్చుంటే "ఇంత పొట్టిగా ఎందుకు మేడం" అనే మాట ఇంకా వినాల్సి వస్తుంది. ఆయన మనిషి మంచివాడే, మారతాడని నా నమ్మకం. జుట్టుకు రంగు మాత్రం ఇక్కడ వేయించుకోవద్దు, నుదుటి మీద మరకలు పడ్డాయి.

మంగళవారం సెలవు. ఆదివారం పొద్దున వెళ్తే గంటన్నర బెంచీ మీదే. శుక్రవారం ఆడవాళ్లు జుట్టు కత్తిరించుకోకూడదనే పట్టింపు మీకు లేకపోతే ఆ రోజు మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది, అక్క తీరిగ్గా చేస్తుంది. నూనె పెట్టుకుని వెళ్లకండి, మిషను సరిగ్గా తిరగదు. ఫొటో ఉంటే ఫోన్‌లో పట్టుకెళ్లండి, వెనక నుంచి తీసింది కూడా ఉంటే మంచిది. ఫోన్‌పే ఉంది. ఎడమవైపు కుర్చీ అక్కది, అది ఖాళీ అయ్యేదాకా ఆగుతానని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.