ఆఫీసుకి అద్దె బిల్డింగ్ కోసం బెజవాడలో మూడు చూశాం

మా గవర్నమెంటు ఆఫీసు పైకప్పు పెచ్చులూడి ఫైళ్ల మీద పడుతోంది, కాబట్టి నెలాఖరుకి మారాల్సిందే. బస్టాండ్‌లోనే ఉన్న ఎన్టీఆర్ అడ్మినిస్ట్రేటివ్ బ్లాక్‌లో చోటు దొరికితే ఈ తిరుగుడే ఉండేది కాదు, మాకు దొరకలేదు. అటెండరూ నేనూ ఎండలో బండి మీద తిరిగి మూడు చూశాం.

మొదటిది బందర్ రోడ్డు మీద, మూడో అంతస్తు. బయట మొత్తం అద్దాలు, చూడ్డానికి కార్పొరేట్ ఆఫీసులా ఉంది. కిటికీ ఒక్కటీ తెరుచుకోదు, అంటే పొద్దస్తమానం ఏసీ నడవాలి. లిఫ్టులో నలుగురే పడతారు, కరెంటు పోతే అదీ ఆగిపోతుందని వాచ్‌మనే చెప్పాడు. పింఛను కోసం వచ్చే ముసలమ్మ మూడంతస్తులు ఎక్కుతుందా? పార్కింగేమో కింద షోరూం వాళ్లదట. వద్దనుకున్నాం.

రెండోది సింగ్‌నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోర్, విశాలంగా ఉంది, అద్దె కూడా మూడింట్లో ఇదే తక్కువ. కొత్తగా రంగు వేశారు, ఇంకా వాసన పోలేదు. నేను దాదాపు సరే అనేశాను. మా అటెండరు మాత్రం మెట్ల కింద మీటర్లు పెట్టిన మూలకి వెళ్లి నన్ను పిలిచాడు. అక్కడ రంగు వేయలేదు. గోడ మీద ఛాతీ ఎత్తున మట్టి గీత. ఓనరుగారు "అది పాత చెమ్మండీ" అన్నారు. మావాడు నవ్వి, "మా ఇంట్లోనూ ఇదే గీత ఉంది సార్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పటిది" అన్నాడు. ముప్పై ఏళ్ల రికార్డులు అక్కడ కింద పెట్టి, వానాకాలం అంతా టెన్షన్ పడుతూ కూర్చోవడం నా వల్ల కాదు. ఆ ఏరియాలో పై అంతస్తు ఎవరైనా చూపిస్తే ఇప్పటికీ ఆలోచిస్తాను, గ్రౌండ్ ఫ్లోర్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

మూడోది గవర్నర్‌పేటలో పాత డాబా, నచ్చింది ఇదే. తిరువూరు నుంచో జగ్గయ్యపేట నుంచో వచ్చినవాళ్లు బస్టాండ్‌లో దిగి, ఓపికుంటే నడిచే వచ్చేయొచ్చు. కింద హాల్లో అర్జీల కౌంటర్, పైన వెనకగదిలో రికార్డులు పెట్టొచ్చు. పైన ఎక్కడా చెమ్మ లేదు, కిటికీలకి నిజమైన గాలి వస్తుంది. లోపాలు లేవని కాదు, బాత్రూం ఒక్కటే, ఆడవాళ్లకి వేరేది కట్టాలి. గుమ్మం ముందు నాలుగు మెట్లున్నాయి, ర్యాంప్ లేదు.

అద్దె మనం బేరమాడేది కాదని ఓనర్లకి చెప్పేసరికే సగం ఓపిక అయిపోతుంది. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఇంజినీర్లు వచ్చి కొలిచి, ఎంత న్యాయమో సర్టిఫికెట్ ఇస్తారు, దానికి మించి ఇవ్వలేం. పైగా ఆదాయపు పన్ను కింద 10 శాతం టీడీఎస్ కోత. ఈ డాబా ఓనరుగారు అన్నీ విని ఒక్కటే అడిగారు, "నెలనెలా ఒకటో తారీకున పడుతుందా అండీ?" నేను అటెండరు వైపు చూశాను, వాడు సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాడు. బిల్లు పెట్టడం వరకే మా చేతిలో ఉందని, ట్రెజరీలో ఆలస్యం కావచ్చని నిజమే చెప్పేశాను. ఆయన కాసేపు ఆలోచించి, ర్యాంప్, రెండో బాత్రూం తానే కట్టిస్తానన్నారు. అగ్రిమెంట్‌లో రాసిమ్మని అడిగాం. కొలతలకి సోమవారం రమ్మని ఆర్ అండ్ బీకి లెటర్ పెట్టాను.