ముసలి పిల్లికి కిడ్నీ జబ్బు: తడి తిండా, చర్మం కింద సెలైనా?

కిడ్నీలు దెబ్బతిన్న పిల్లి నీళ్లు బాగానే తాగుతుంది. కానీ మూత్రంలో అంతకన్నా ఎక్కువే పోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఇంట్లో చేయగలిగినవి రెండు.

తడి తిండి: పౌచ్ ఆహారంలో 75–80 శాతం నీరే, పొడి గింజల్లో 10 శాతం దాకా. రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు కలిపితే వాసన కూడా లేస్తుంది. కిడ్నీ జబ్బు పిల్లుల కోసం చేసిన ప్రత్యేక ఆహారమైతే, కిడ్నీలకు భారమయ్యే ఫాస్ఫరస్ కూడా తగ్గుతుంది. తింటున్న పిల్లికి ముందు ఇదే మేలు, సెలైన్ సూది తర్వాతి మాట. ఆకలి చచ్చిన పిల్లికి మాత్రం ఇది పనిచేయదు.

సెలైన్: ఎక్కువగా రింగర్ లాక్టేట్ అనే లవణ ద్రవం వాడతారు. నాలుగు కిలోల పిల్లికి డాక్టర్లు తరచూ చెప్పేది ఒక్కసారికి 100 మి.లీ.; రోజూనా, రోజు విడిచి రోజా అన్నది పిల్లి పరిస్థితిని బట్టి. సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచి, ట్యూబులో గాలి తీసేసి, భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా ఎత్తి 20 గేజ్ సూది గుచ్చాలి. సూది ప్రతిసారీ కొత్తదే. బొచ్చు తడిసిందంటే సూది అవతలి వైపు బయటికొచ్చిందన్నమాట. చర్మం కింద చేరిన సెలైన్ ఉబ్బు ముంగాలి వైపు జారితే కంగారు అక్కర్లేదు, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) సీసా మాత్రం వద్దు, చర్మం కింద చీము పట్టొచ్చు. గుండె జబ్బు కూడా ఉంటే నీరు ఊపిరితిత్తుల్లో చేరే ప్రమాదముంది: నిద్రలో శ్వాస నిమిషానికి 30 దాటితే సెలైన్ ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలి.