న్యాయసమీక్షకు ఏ ఆధారం మేలు: పార్లమెంటు ఉద్దేశమా, కామన్ లా న్యాయసూత్రమా?

ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని ఎవరూ ఎన్నుకోని న్యాయమూర్తి ఏ హక్కుతో కొట్టివేస్తారన్న ప్రశ్నకు ఇంగ్లండ్ న్యాయశాస్త్రం ప్రధానంగా రెండు సమాధానాలు ఇస్తుంది. అధికారం ఇచ్చింది పార్లమెంటే కనుక, అధికారి తన పరిధి దాటాడా లేదా అని చూడటం పార్లమెంటు మాటను నిలబెట్టడమేనని మొదటి వాదం. అధికారం ఎక్కడి నుంచి వచ్చినా దానిని న్యాయంగా వాడి తీరాలని, కోర్టు తీర్పుల ద్వారా రూపొందిన చట్టమైన కామన్ లాలోని ఆ నియమాన్ని కాపాడటం కోర్టు సొంత బాధ్యత అని రెండో వాదం.

మొదటి వాదం న్యాయమూర్తిని అదుపులో ఉంచుతుంది. అది చిన్న గుణం కాదు. అయితే 1863 నాటి కూపర్ కేసు చూడండి. యజమాని తమకు ముందస్తు నోటీసు ఇవ్వకుండా కడుతున్న ఇంటిని కూల్చే అధికారాన్ని చట్టం లండన్‌లోని స్థానిక సంస్థ అయిన వాండ్స్‌వర్త్ బోర్డుకు ఇచ్చింది. యజమాని మాట వినాలని అందులో ఒక్క ముక్కా లేదు. బోర్డు మనుషులు సాయంత్రం పొద్దుపోయాక వచ్చి, రెండో అంతస్తు దాకా లేచిన ఇంటిని నేలమట్టం చేశారు. శాసనం వదిలేసిన లోటును కామన్ లా న్యాయం పూరిస్తుందని చెప్పి కోర్టు యజమాని పక్షాన నిలిచింది. ఆయన వాదన వినాలని పార్లమెంటు మనసులో అనుకునే ఉంటుందని ఇక్కడ సమర్థించుకోవచ్చు గానీ, అది తీర్పు వెలువడిన తరువాత అల్లిన ఊహే అవుతుంది.

1984లో జీసీహెచ్‌క్యూ కేసుతో ఆ సమర్థనకూ చోటు లేకుండా పోయింది. గూఢచార సంస్థ ఉద్యోగులకు కార్మిక సంఘ సభ్యత్వాన్ని నిషేధించిన ఆదేశానికి మూలం చట్టం కాదు, రాచరిక విశేషాధికారం, అంటే పార్లమెంటు ఇవ్వకుండానే రాచరికం నుంచి ప్రభుత్వానికి సంక్రమించిన అధికారం. అటువంటి అధికారాన్నీ సమీక్షించవచ్చని అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న ప్రభువుల సభ తేల్చింది. పార్లమెంటు ఇవ్వని అధికారానికి పార్లమెంటు ఉద్దేశం హద్దు ఎలా అవుతుంది?

అందుకే రెండో వాదమే మేలని నా దృఢమైన అభిప్రాయం. నిర్ణయం వల్ల నష్టపోయే మనిషికి తన మాట చెప్పుకొనే హక్కు, కారణం అడిగే హక్కు పాలకుల దయవల్ల వచ్చినవి కావు. న్యాయమూర్తులు తమ ఇష్టాయిష్టాలనే న్యాయసూత్రాలుగా చలామణీ చేసే ప్రమాదం ఈ వాదంలో ఉన్న మాట నిజమే. నిర్ణయం ఎలా తీసుకున్నారన్నది పరిశీలించి, ఏ విధానం మంచిదన్నది ప్రభుత్వానికే వదిలేయడం ఆ ప్రమాదానికి తగిన హద్దు. జీసీహెచ్‌క్యూ కేసులోనే, మామూలుగా అయితే సంఘాలను ముందుగా సంప్రదించవలసి ఉండేదని ఒప్పుకున్న న్యాయమూర్తులు, జాతీయ భద్రత కారణాన్ని అంగీకరించి ప్రభుత్వ ఆదేశాన్ని సమర్థించారు.