లోతున పుట్టిన సిర, పైన పుట్టిన సిర: బంగారానికి ఏది మేలు?

రాతి పగుళ్లలో క్వార్ట్జ్ ఖనిజం పేరుకుని ఏర్పడే పట్టీలే క్వార్ట్జ్ సిరలు. బంగారం దొరికే ఈ సిరల్లో రెండు రకాలు ముఖ్యమైనవి. పర్వతాలు ఏర్పడే కాలంలో భూపటలపు లోతుల్లో పుట్టినవి ఓరోజెనిక్ సిరలు. అగ్నిపర్వత ప్రాంతాల్లో ఉపరితలానికి చేరువలో పుట్టినవి ఎపిథర్మల్ సిరలు. రెండింటిలోనూ బంగారాన్ని మోసుకొచ్చేది గంధకం కలిగిన వేడి ద్రవమే. గంధకంతో బంగారానికున్న ఆ బంధం ఎక్కడ, ఎలా తెగిందన్న దాన్ని బట్టే ఏ గని ఎంతకాలం నడుస్తుందో చాలావరకు తేలిపోతుంది.

ఓరోజెనిక్ సిరలు ఎక్కువగా 5 నుంచి 10 కిలోమీటర్ల లోతులో, 250 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో రూపొందుతాయి. భ్రంశం (రాతి పొరలు జరిగిన పగులు) మూసుకుపోయి ఉన్నంతకాలం దాని కింద ద్రవపీడనం పెరుగుతూ పోతుంది. అది రాతి బలాన్ని మించినప్పుడు భ్రంశం భూకంపంతో చిట్లి, పీడనం ఒక్కసారిగా పడిపోయి, క్వార్ట్జ్‌తో పాటు బంగారం కూడా పేరుకుని, చీలిక మళ్లీ పూడుకుపోతుంది. ఇది ఎన్నోసార్లు పునరావృతమైందనడానికి సిరలోని సన్నని చారలే సాక్ష్యం. పక్కనున్న రాతిలో ఇనుము పుష్కలంగా ఉంటే ద్రవంలోని గంధకం దానితో కలిసి పైరైట్ అనే ఖనిజంగా మారుతుంది, తోడు పోయిన బంగారం అక్కడే ఆగిపోతుంది. ఈ పరిస్థితులు లోతుతో పాటు నెమ్మదిగానే మారతాయి కనుక సిర కూడా చాలా కిందిదాకా సాగుతుంది. 2001లో మూతపడిన కోలార్ గనులు 3 కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్లగలిగింది అందుకే.

ఎపిథర్మల్ సిరల్లో అసలు కారణం మరగడం. ఉపరితలం నుంచి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల లోపు, 150 నుంచి 300 డిగ్రీల వేడిలో, పైకి వస్తున్న ద్రవం మరిగినప్పుడు గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా ఆవిరిలోకి పోతుంది, బంగారం రాలిపోతుంది. మరిగే మట్టం పరిమితం కనుక ఖనిజం నిలువుగా సాధారణంగా కొన్ని వందల మీటర్లలోనే ఉంటుంది, కానీ అక్కడ అది అమితంగా పేరుకోవచ్చు. జపాన్‌లోని హిషికారి సిరలు ఇందుకు ప్రసిద్ధం. పలకల్లాంటి కాల్సైట్, అడులేరియా అనే ఖనిజాలు కనబడితే ద్రవం అక్కడ మరిగిందని చెప్పవచ్చు. ఇంత సూటిగా మట్టాన్ని తెలిపే గుర్తు ఓరోజెనిక్ సిరల్లో దొరకదు.

ఓరోజెనిక్ సిరలకు మరో లోపం ఉంది. కంటికి కనిపించే ముతక బంగారం అన్వేషకుణ్ణి ఎంత ఉత్సాహపరుస్తుందో పరీక్షా ఫలితాలను అంత తికమక పెడుతుంది. ఒక చిన్న నమూనాలో రేణువు పడితే గ్రేడ్ (రాతిలో బంగారం పాలు) ఆకాశాన్నంటుతుంది, పక్క నమూనాలో ఏమీ ఉండదు. పెద్ద నమూనాలు తీయడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

అయినా, దశాబ్దాల పాటు నడిచే గని కావాలంటే నా మొగ్గు ఓరోజెనిక్ సిర వైపే. పెట్టుబడి తక్కువై, త్వరగా ఫలితం తేలాలనుకునేవారికి ఎపిథర్మల్ సిర సబబు. అయితే మరిగిన మట్టం ఇంకా నేలలో మిగిలి ఉందో, కోతకు గురై ఎప్పుడో కొట్టుకుపోయిందో తొలి డ్రిల్ రంధ్రాలతోనే తేల్చుకోవాలి.