గుంటూరులో ప్రైవేటు బడి మాన్పించి నగరపాలక ఉన్నత పాఠశాలలో చేర్చాం: రెండేళ్ల అనుభవం

మా అమ్మాయి ఆరు, ఏడు తరగతులు గుంటూరులోని ఒక కార్పొరేట్ విద్యాసంస్థ శాఖలో చదివింది. 2024 జూన్‌లో అక్కడ మాన్పించి, ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉన్న నగరపాలక సంస్థ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతిలో చేర్చాం. ఇప్పుడు తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వెళుతోంది. ప్రభుత్వ బడా, ప్రైవేటు బడా అని ఎంతోమంది తల్లిదండ్రులు ఈ వేసవిలో తర్జనభర్జన పడుతుంటారు కాబట్టి, రెండు చోట్లా రెండేసి ఏళ్లు దగ్గరుండి చూసిన తల్లిగా నా అభిప్రాయం రాస్తున్నాను. మేం చేసిన మార్పు సరైనదేనని నా గట్టి నమ్మకం. అయితే దానికి డబ్బు ప్రధాన కారణం కాదు.

నిజానికి డబ్బు భారం తక్కువేమీ కాదు. మావారు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా, నేను ఇంట్లోనే మిషను కుడతాను. ఏడో తరగతిలో ఫీజు, బస్సు, ఆ సంస్థ సొంత పుస్తకాలు అన్నీ కలిపి మాకు 68,000 రూపాయలు అయింది. పిల్ల బాగా చదువుతోందన్న ధైర్యం ఉంటే ఇంకో రెండు గంటలు ఎక్కువ కుట్టి అయినా అది కట్టేవాళ్లమే. ఆ ధైర్యం ఒక నోటు పుస్తకం చూసినప్పుడు పోయింది.

అది ఏడో తరగతి లెక్కల నోటు. సామాన్య సమీకరణాల పాఠంలో, బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడు లోపలి గుర్తులు మార్చాలన్న సంగతి మా అమ్మాయికి తెలియలేదు. వరుసగా పదకొండు లెక్కలు అదే తప్పుతో చేసింది. ఆ పదకొండింటికీ ఎర్ర సిరాతో పొడుగాటి టిక్కులు, చివర సంతకం, తేదీ ఉన్నాయి. అడిగితే, ఆ ఏడాది లెక్కలకు ముగ్గురు టీచర్లు మారారని, దిద్దింది ఎవరో తెలియదని చెప్పారు. ప్రతి శనివారం పరీక్ష, నెలకోసారి ర్యాంకును బట్టి సెక్షను మార్పు మాత్రం క్రమం తప్పలేదు. ఉదయం ఏడింటికి బస్సెక్కి సాయంత్రం ఆరున్నరకు దిగే పిల్ల తన సందేహం ఎవరినైనా అడిగే సమయం ఆ రోజు మొత్తంలో ఎక్కడుందో నాకు ఎంత వెతికినా కనపడలేదు.

మానేస్తామంటే, వచ్చే ఏడాది ఫీజులో కొంత కడితేనే టీసీ ఇస్తామన్నారు. ఇక్కడ చాలామంది భయపడి వెనక్కి తగ్గుతారు కనుక ఒక విషయం చెప్పాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఐదో సెక్షను ప్రకారం ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు మారే హక్కు ఉంది. టీసీ వెంటనే ఇవ్వాలి, అది ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. మేం వెళ్లిన మున్సిపల్ హైస్కూలు హెడ్మాస్టరుగారికి ఈ సంగతి తెలుసు. "పాపను రేపటి నుంచే పంపించండమ్మా, టీసీ తర్వాత తెచ్చుకుందురు గాని" అన్నారు. మూడు వారాల తర్వాత టీసీ చేతికి వచ్చింది, అదనంగా ఏమీ కట్టలేదు.

కొత్త బడిలో మొదటి నెలలోనే అదే బ్రాకెట్ తప్పు మళ్లీ దొర్లింది. ఈసారి లెక్కల మేడం మైనస్ గుర్తు చుట్టూ సున్నా చుట్టి, పక్కన "ఈ గుర్తు ఎటుపోయింది?" అని రాసి, తన బల్ల దగ్గరే నిలబెట్టి నాలుగు లెక్కలు మళ్లీ చేయించారు. ఆవిడ బీఎడ్ చేసి, డీఎస్సీ రాసి వచ్చిన మనిషి. ఇరవై ఏళ్లుగా ఇదే పాఠం చెబుతున్నారు కాబట్టి పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే తెలుసు. ఈ బడికి నేను మంచి మార్కులు వేయడానికి మొదటి కారణం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

ఇంగ్లీషు మీడియం ఈ బడిలోనూ ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు ఉండటం వల్ల, సైన్సులో అర్థంకాని వాక్యాన్ని మా అమ్మాయి పక్క పేజీలో చూసుకుని తిరిగి ఇంగ్లీషులో చదువుకుంటుంది. నేనూ కూర్చోబెట్టి చదివించగలుగుతున్నాను. కార్పొరేట్ బడి పుస్తకాలతో ఇది సాధ్యపడలేదు. ఇంగ్లీషులో మాట్లాడటం మాత్రం తగ్గింది, అది దాచను.

బడి ఇచ్చే కిట్టులో మూడు జతల యూనిఫారం బట్ట, పుస్తకాలు, బ్యాగు, బూట్లు వస్తాయి. కుట్టేదాన్ని కాబట్టి చెబుతున్నాను, బట్ట రంగు దిగలేదు, ముడుచుకుపోలేదు. కొలత మాత్రం పొడుగు పిల్లలకు చాలదు, చేతులు పొట్టిగా పెట్టాల్సి వచ్చింది. బూట్లు ఆరు నెలలకే అరిగిపోయాయి. మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు ఇస్తారు. మొదటి ఏడాది అన్నం లావుగా ఉందని మా అమ్మాయి క్యారేజీ తీసుకెళ్లేది, 2025 జూన్ నుంచి సన్నబియ్యం రావడంతో అక్కడే తింటోంది. పిల్లల చదువుకు ప్రభుత్వం తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బు రెండు రకాల బడుల పిల్లలకూ వస్తుంది కనుక దాన్ని చూసి బడి ఎంచుకోనక్కర్లేదు.

లోపాలు లేకపోలేదు. ఆడపిల్లల మరుగుదొడ్లలో ఒకదానికి గడియ లేదు, స్నేహితురాలిని తలుపు దగ్గర కాపలా పెట్టి వెళ్లేవారు. పదమూడేళ్ల పిల్లకు అది ఎంత ఇబ్బందో తల్లులకు తెలుసు. కొందరు నీళ్లు తాగడమే తగ్గించారు. 2025 జులై 10న జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో నేను లేచి అడిగాక వారంలో గడియ వేశారు. అడగకముందు ఏడాదిపాటు ఎవరూ పట్టించుకోలేదన్నది కూడా నిజం. అంతకంటే పెద్ద నష్టం భౌతికశాస్త్రంలో జరిగింది. వేసవి బదిలీల్లో టీచరు వెళ్లిపోతే జూన్ నుంచి నాలుగు నెలలు ఆ పీరియడ్ ఖాళీ. 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో ఎంపికైన కొత్త మాస్టారు అక్టోబరులో చేరాకే పాఠాలు మొదలయ్యాయి. అప్పుడు ఆగిపోయిన పాఠాలను ఇప్పటికీ ఆదివారాలు కూర్చుని పూర్తి చేసుకుంటోంది. కాబట్టి చేర్చే ముందు ఏ సబ్జెక్టు పోస్టు ఖాళీగా ఉందో హెడ్మాస్టరును తప్పకుండా అడగండి.

ఐఐటీ ఫౌండేషన్ కావాలనుకునే వారికి ఈ బడి సరిపోదు, ఆ బోధన ఇక్కడ లేదు. పిల్ల తనకై తాను ఆ దారి కోరుకుని, ఒత్తిడిని తట్టుకోగలిగితే మంచి ప్రైవేటు బడి వెతకడంలో తప్పు లేదు. అయితే ఈ వైపున్న అవకాశాలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండి ఎంపికైతే తొమ్మిది నుంచి ఏటా 12,000 రూపాయలు వస్తాయి. మా అమ్మాయికి రాలేదు, తరగతిలో ఇద్దరికి వచ్చింది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే సీటు ఇస్తారు, ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 4 శాతం కలుపుతారు. మా అమ్మాయి చూపు ఇప్పుడు దాని మీదే ఉంది.

ఈ బడికి బస్సు లేదన్నది ఈ ఏడాది మాకు అసలు సమస్య కాబోతోంది. పదో తరగతికి సాయంత్రం అదనపు తరగతులు ఉంటాయని చెప్పారు. చలికాలంలో చీకటి త్వరగా పడుతుంది కనుక, మా వీధి వైపు వచ్చే నలుగురు ఆడపిల్లలను ఇంటికి తీసుకురావడానికి ఇద్దరు తల్లులం అప్పుడే వంతులు వేసుకున్నాం.